చిప్‌ను మార్కెట్‌కు చేర్చేది ఎవరి చేతులు?

మైక్రోఫ్లూయిడిక్స్ మీద మన దేశంలో ఏ సదస్సుకు వెళ్ళినా ఆఖరి రోజున ఒక చర్చ తప్పకుండా ఉంటుంది. 'ప్రయోగశాల నుంచి మార్కెట్‌కు' అనో, అలాంటిదే మరొకటో దానికి పేరు పెడతారు. వేదిక మీద కూర్చున్న ప్రొఫెసర్లు, స్టార్టప్ వ్యవస్థాపకులు, నిధులిచ్చే సంస్థల అధికారులు ఒకే బాధ చెప్పుకుంటారు. పరిశోధన పత్రాలు బోలెడన్ని వస్తున్నాయి, పేటెంట్లూ వస్తున్నాయి, చిప్పులు మాత్రం ఆస్పత్రి గడప తొక్కడం లేదు. కారణాలు కూడా అందరూ ఒకేలా చెబుతారు. పెట్టుబడి లేదు, సాహసం చేసే మదుపుదారు లేడు, అనుమతులు ఆలస్యమవుతాయి, మన విద్యార్థులకు వ్యాపార దృష్టి లేదు.

ఈ కారణాల్లో నిజం లేదని నేను అనను. ఈ రంగంలోనే పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠం చెబుతున్నాను కాబట్టి వీటన్నిటినీ దగ్గరగానే చూశాను. అయితే ఆ వేదికల మీద నాకు ఎన్నడూ వినపడని కారణం ఒకటుంది. చిప్ ప్రయోగశాల దాటి బయటికి రావాలంటే చేతిపని కావాలి. చేతిపనినీ, అది చేసేవాళ్ళనూ గడప అవతల నిలబెట్టడం మన చదువుల వ్యవస్థకు పాత అలవాటు. మన చిప్ సరిగ్గా ఆ గడప దగ్గరే ఆగిపోతోంది.

వేరే శాఖల మిత్రుల కోసం ముందు ఈ చిప్ అంటే ఏమిటో చెప్పాలి. ఇది కంప్యూటర్‌లో ఉండే చిప్ కాదు. అరచేతిలో ఇమిడే గాజు, ప్లాస్టిక్ లేదా కాగితం ముక్క. దాని మీద తల వెంట్రుకంత సన్నని కాలువలు ఉంటాయి. రక్తపు చుక్కో, తెమడ నుంచి తీసిన ద్రవమో ఆ కాలువల్లో నడుస్తుంది. అంత సన్నని కాలువలో ద్రవం ఏటి నీళ్ళలా సుడులు తిరగదు. పొరలు పొరలుగా, పక్కపక్కనే, దాదాపు కలవకుండా సాగుతుంది. ఆ క్రమశిక్షణే మనకు పనికొస్తుంది. ఒక్క చుక్కతో, కొద్ది నిమిషాల్లో, పెద్ద ల్యాబ్ చేసే పనిని చేయించవచ్చు. ఇంట్లో గర్భ పరీక్షకు వాడే పట్టీ, చక్కెర వ్యాధి చూసుకునే గ్లూకోమీటర్ పట్టీ ఈ కుటుంబానికి దగ్గరి చుట్టాలే.

1979లో స్టాన్‌ఫర్డ్‌లో సిలికాన్ పలక మీద ఒక గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌ను చెక్కారు. 1990లో ఆండ్రియాస్ మాన్జ్ బృందం రసాయన విశ్లేషణ మొత్తాన్నీ ఒక్క చిప్ మీదికి తేవచ్చని ప్రతిపాదించింది. 1998లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం పీడీఎంఎస్ అనే సిలికోన్ రబ్బరుతో కాలువలు చేసే సులువైన పద్ధతిని చూపించింది. 2007లో అదే బృందం కాగితం మీద కాలువలు గీసి మూత్ర పరీక్ష చేసింది. మొదట దొరికిన మార్కెట్ మాత్రం పేదవాడి ఊరు కాదు. 1999లో వచ్చిన అజిలెంట్ బయోఅనలైజర్ లాంటి యంత్రాలు పెద్ద పరిశోధనశాలలకూ, మందుల కంపెనీలకూ అమ్ముడయ్యాయి. కొనగలిగినవాడి వైపే చిప్ నడిచింది.

మన దేశంలో ఈ రంగం ప్రధానంగా పీడీఎంఎస్ మీద పెరిగింది. ద్రవంగా ఉన్నప్పుడు అచ్చు మీద పోసి, ఓవెన్‌లో పెట్టి, గట్టిపడ్డాక అరటి తొక్క ఒలిచినట్టు ఒలిస్తే కాలువలతో సహా వచ్చేస్తుంది. ఖరీదైన క్లీన్‌రూమ్ అవసరం అచ్చు చేసేటప్పుడు మాత్రమే. నిధులు తక్కువున్న రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు కూడా ఈ శాస్త్రం అందిందంటే ఆ రబ్బరు పుణ్యమే. ఆ మేలు మరవకూడదు.

అయితే పీడీఎంఎస్ చిప్ ఒక్కొక్కటీ మనిషి చేతి మీదుగా తయారవ్వాలి. పోయాలి, కాల్చాలి, ఒలవాలి, రంధ్రాలు పొడవాలి, ప్లాస్మాలో పెట్టి గాజు పలకకు అతికించాలి. ఒక స్కాలర్ రోజంతా కూర్చుంటే పదో పరకో వస్తాయి. వాటిలో కొన్ని కారిపోతాయి. పైగా ఆ రబ్బరు కొన్ని మందుల అణువులను స్పాంజిలా పీల్చేసుకుంటుంది. నీటిని ఇష్టపడేలా ప్లాస్మాతో మార్చిన దాని ఉపరితలం కొద్ది రోజుల్లోనే మళ్ళీ పాత స్వభావానికి వచ్చేస్తుంది. పరిశోధన పత్రానికి పది చిప్పులు చాలు. ఆస్పత్రులకు లక్షల్లో కావాలి. మొదటి చిప్పూ, లక్షో చిప్పూ ఒకే మాట చెప్పాలి.

అందుకే మార్కెట్‌కు వెళ్ళే చిప్పుల్ని ఎక్కువగా గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. పాలీస్టైరీన్, పాలీకార్బొనేట్, యాక్రిలిక్, సైక్లిక్ ఒలెఫిన్ కోపాలిమర్ వంటివి. కరిగిన ప్లాస్టిక్‌ను గట్టి ఒత్తిడితో లోహపు అచ్చులోకి పంపి, చల్లార్చి, బయటికి నెడతారు. బకెట్లూ, సీసా మూతలూ చేసే ఇంజెక్షన్ మౌల్డింగ్ ఇదే. అచ్చుకు లక్షలు ఖర్చవుతాయి. ఒకసారి అచ్చు కుదిరితే చిప్ ముక్క మాత్రం సెకన్లలో, చవకగా వస్తుంది.

అచ్చుతోనే పని అయిపోదు. కాలువల మీద మూత అతకాలి. అతుకు కారకూడదు, కాలువ పూడకూడదు. రసాయనాలను ఎండబెట్టి లోపల పెట్టాలి. అవి ఉట్నూరు ఏజెన్సీలో మే నెల ఎండలో, కరెంటు నిలకడలేని గదిలో, నెలల తరబడి పాడవకుండా ఉండాలి. తేమ చొరబడని పొట్లంలో కట్టాలి. ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించాలి. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం వీటన్నిటికీ రాతపూర్వకమైన ఆధారం ఉండాలి. చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక ల్యాబ్ టెక్నీషియన్ బయట బారులు తీరిన రోగుల మధ్య ఆ చిప్‌లో చుక్క వేయాలి. ఆ అమ్మాయికి మూడు సార్లు పిపెట్ పట్టే తీరిక లేకపోతే, ఎంత గొప్ప చిప్ అయినా అల్మారాలోనే ఉండిపోతుంది.

ఈ పనుల జాబితాను ఒక్కసారి చూడండి. అచ్చు చెక్కేవాళ్ళు, ప్లాస్టిక్ పోసేవాళ్ళు, అతికేవాళ్ళు, లీకు చూసేవాళ్ళు, పొట్లం కట్టేవాళ్ళు, చుక్క వేసేవాళ్ళు. చిప్ బతికేదీ చచ్చేదీ వీళ్ళ చేతుల్లోనే. వీళ్ళలో ఒక్కరికి కూడా ఆ సదస్సు వేదిక మీద కుర్చీ ఉండదు.

నేను పనిచేసిన ఒక సంస్థలో జరిగింది చెబుతాను. దాని పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇది చాలాచోట్ల జరిగేదే. నేను చేరకముందే అక్కడ ఒక చిప్ నమూనా మంచి పత్రికలో అచ్చయింది, బహుమతి కూడా అందుకుంది. దాన్ని ప్లాస్టిక్‌లో చేయించాలని డ్రాయింగ్‌ను వర్క్‌షాప్‌కు పంపారు. అక్కడ ఐటీఐ చదివిన ఒక మాదిగ యువకుడు కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. డ్రాయింగ్‌ను కాసేపు తిప్పి చూసి నాతో అన్నాడు: "సార్, రబ్బరైతే ఊడొస్తది. ప్లాస్టిక్ అయితే అచ్చులనే ఇరుక్కుంటది. గోడలు నిట్టనిలువు పెట్టిన్రు. ఇడ్లీ రేకు గుంటలు ఎట్లుంటయి సార్? వాలుగ ఉంటయి గదా!"

అతను చెప్పింది అక్షరాలా నిజం. రబ్బరు వంగుతుంది కాబట్టి నిలువు గోడల అచ్చులోంచి కూడా ఒలిచి తీయవచ్చు. గట్టి ప్లాస్టిక్ వంగదు. కాలువ గోడలకు కొన్ని డిగ్రీల వాలు లేకపోతే చిప్ అచ్చును పట్టుకుని చిట్లిపోతుంది. గోడ వాలు మారితే కాలువ అడ్డుకోత మారుతుంది, ప్రవాహం మారుతుంది, లెక్కలన్నీ మళ్ళీ మొదటి నుంచి చేయాలి. ఆ యువకుడు నెలల తరబడి మాతో కూర్చున్నాడు. ప్లాస్టిక్ ఎక్కడి నుంచి లోపలికి రావాలి, గాలి ఎక్కడి నుంచి బయటికి పోవాలి, ఏ మూలను గుండ్రం చేయాలి అన్నీ అతని సలహాలే. చివరికి కారని చిప్ వచ్చింది. పత్రంలో అతని పేరు లేదు. పేటెంటు దరఖాస్తులో లేదు. 'వర్క్‌షాప్ సిబ్బందికి ధన్యవాదాలు' అని ఒక ముక్క ఉంది. అతని పేరు చేర్చాలని అడిగితే, అది మేధోపరమైన భాగస్వామ్యం కిందికి రాదని జవాబు వచ్చింది. కాంట్రాక్టు అయిపోగానే అతను సీసా మూతలు చేసే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. అతని జ్ఞానం ఏ నోటుబుక్కులోనూ లేదు. తర్వాత వచ్చిన స్కాలర్ గీసిన మొదటి డ్రాయింగ్‌లో గోడలు మళ్ళీ నిట్టనిలువుగానే ఉన్నాయి.

కులం అంటే శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అనీ, ఆ శ్రామికులను ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చడం అనీ బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. మనం దాన్ని పల్లెకూ, పెళ్ళికీ, గుడికీ అన్వయించి చదువుకుంటాం. ప్రయోగశాలకు అన్వయించి చదవం. అచ్చు గోడ వాలు గురించిన జ్ఞానం ప్రవాహ సమీకరణం గురించిన జ్ఞానం కన్నా తక్కువది అనే నిర్ణయం ఏ భౌతికశాస్త్ర సూత్రం నుంచి వచ్చింది? ఒకదాన్ని 'మేధ' అనీ, రెండోదాన్ని 'సహాయం' అనీ పిలిచే అలవాటు ఎక్కడిది? ప్రయోగశాలకూ మార్కెట్‌కూ మధ్య దూరాన్ని ఈ రంగంలో 'మరణ లోయ' అంటారు. మన దగ్గర అది లోయ కాదు. ఊరికీ వాడకీ మధ్య గీసిన గీత.

గీతకు ఇటువైపు ఎవరున్నారో ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. 2015 నుంచి 2019 వరకు ఐఐటీలన్నిటిలో పీహెచ్‌డీలో చేరినవారిలో దళితులు 9.1 శాతం, ఆదివాసులు 2.1 శాతం. రాజ్యాంగబద్ధంగా దక్కాల్సిన వాటా 15, 7.5 శాతం. మైక్రోఫ్లూయిడిక్స్ స్టార్టప్ సాధారణంగా పీహెచ్‌డీ నుంచి పుడుతుంది. గైడ్ పరిచయాలు, ఇన్‌క్యుబేటర్‌లో చోటు, జీతం లేకుండా రెండేళ్ళు ఇల్లు గడుపుకోగల స్తోమత దానికి కావాలి. బైరాక్ ఇచ్చే బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటు 50 లక్షల వరకు వస్తుంది. మంచి పథకమే. కానీ ఆ దరఖాస్తు దాకా నడిచే దారిలోనే మనవాళ్ళు జల్లెడలో రాలిపోతున్నారు. ఆ గ్రాంటులు ఏ కులాలకు ఎంత చేరాయో లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి. లెక్క లేనిచోట అన్యాయాన్ని నిరూపించమని బాధితుణ్ణే అడుగుతారు.

అలాగని మన దేశంలో చిప్ మార్కెట్‌కు చేరలేదని కాదు. చేరింది. చేరిన తీరు నా వాదనకే బలం ఇస్తుంది. క్షయను పట్టుకునే ట్రూనాట్ పరీక్షను చూడండి. బెంగళూరులో 2000లో మొదలైన బిగ్‌టెక్ ల్యాబ్స్ దాని వెనుక ఉంది. చిన్న చిప్ మీద ఎండబెట్టిన రసాయనాలు, బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం, గంటకు అటూ ఇటూగా ఫలితం. బిగ్‌టెక్ ఒంటరిగా వెళ్ళలేదు. రోగ నిర్ధారణ కిట్లు తయారుచేయడంలో చేయి తిరిగిన గోవాకు చెందిన ట్యూలిప్ గ్రూపుతో కలిసి మోల్‌బయో డయాగ్నొస్టిక్స్‌గా వచ్చింది. ఐసీఎంఆర్ పరీక్షించింది, క్షయ నివారణ కార్యక్రమం కొన్నది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. అదే ఏడాది కోవిడ్ వచ్చినప్పుడు ఆ యంత్రాలే చిన్న ఊళ్ళ ఆస్పత్రులకు ఆసరా అయ్యాయి.

అందులో నాకు కనిపించే పాఠాలు రెండు. ఆలోచించే బల్లా, తయారుచేసే బల్లా ఒకే కప్పు కిందికి వచ్చినప్పుడే చిప్ బయటికి నడిచింది. దానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఇక దాన్ని నిలబెట్టిన అతి పెద్ద గిరాకీ ప్రభుత్వానిది, అంటే ప్రజల డబ్బుది. పేదవాడి రోగానికి ప్రైవేటు మార్కెట్ ఉండదు. ఇరుకు ఇళ్ళు, పొగ పొయ్యిలు, క్వారీ దుమ్ము, అరకొర తిండి ఉన్నచోట క్షయ ఉంటుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. వాళ్ళ తరఫున కొనేది సర్కారే.

సర్కారు కొంటున్నప్పుడు షరతులు పెట్టే హక్కు ప్రజలకు ఉంటుంది. ఇది గాల్లోంచి తీసిన మాట కాదు. సీఫీడ్ కంపెనీ వారి జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం కథ చదవండి. ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్ లోపలే నమూనా శుద్ధి నుంచి జన్యు పరీక్ష దాకా అన్నీ జరిగిపోయే అద్భుతమైన పరికరం. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని క్షయకు ఆమోదించింది. ఆ సాంకేతికతను రూపొందించడంలో 25 కోట్ల డాలర్లకు పైగా ప్రజాధనం ఖర్చయిందని పరిశోధకులు 2021లో లెక్కగట్టారు. అయినా పేద దేశాలకు క్షయ కార్ట్రిడ్జ్ ధర 16.86 డాలర్లు. 2012లో దాతృత్వ సంస్థలూ ప్రభుత్వ సంస్థలూ మరింత డబ్బు పోస్తే 9.98కి దిగింది. తర్వాత పదకొండేళ్ళు అక్కడే నిలిచిపోయింది. ఐదు డాలర్లకు ఇవ్వవచ్చని ఆరోగ్య ఉద్యమకారులు ఏళ్ళ తరబడి పోరాడాక 2023లో 7.97కి తగ్గింది. ఆ యంత్రంలో వేరే కంపెనీ కార్ట్రిడ్జ్ పనిచేయదు. యంత్రం కొన్నవాడు కార్ట్రిడ్జ్‌కు కట్టుబానిస. కొనే ముందు పెట్టని షరతును కొన్నాక అడుక్కోవాల్సి వచ్చింది.

ఇంతకన్నా సున్నితమైన విషయం సికిల్ సెల్. హిమోగ్లోబిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల ఎర్ర రక్తకణం కొడవలి ఆకారంలోకి వంగే జబ్బు ఇది. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. గోండుల్లో, భిల్లుల్లో, విదర్భలోని మహర్లలో ఇది ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీల్లోనూ ఉంది. జాతీయ కార్యక్రమం మాత్రం 2023 జూలై 1న మొదలైంది. 71 ఏళ్ళ తర్వాత! 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి పరీక్ష చేస్తామన్నారు. ఒక్కసారిగా ఆదివాసీ రక్తానికి మార్కెట్ పుట్టింది.

ఈ పరీక్షకు చిప్ చక్కగా సరిపోతుంది. మారిన హిమోగ్లోబిన్‌కు విద్యుదావేశం కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి, చిన్న పట్టీ మీద కరెంటు పంపితే అది మామూలు హిమోగ్లోబిన్ నుంచి విడిపోతుంది. ఈ సూత్రం మీద అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో హీమ్‌చిప్ పుట్టింది, హెమెక్స్ హెల్త్ కంపెనీ ద్వారా గజెల్ అనే పరికరంగా మార్కెట్‌కు వచ్చింది. జబల్‌పూర్‌లోని ఐసీఎంఆర్ గిరిజన ఆరోగ్య పరిశోధన సంస్థ దాన్ని ఇక్కడ పరీక్షించి చూసింది. పరికరం మంచిదే, పరీక్షించడమూ అవసరమే. నా ప్రశ్న వేరు. ఏ చిప్ అయినా పనిచేస్తుందని రుజువు కావాలంటే జబ్బు ఉన్నవాళ్ళ రక్తం కావాలి. ఆ రుజువు లేకుండా అనుమతి రాదు, అమ్మకం ఉండదు. అంటే ఆదివాసీ రక్తం ఆ వ్యాపారంలో ఒక పెట్టుబడి. ఆ పెట్టుబడికి వాటా ఏది?

మన చట్టం ఇక్కడ విచిత్రంగా ఉంటుంది. అడవిలోని మూలికను కంపెనీ వ్యాపారానికి వాడుకుంటే లాభంలో వాటా పంచాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతుంది. అదే చట్టం మనుషుల జన్యు పదార్థాన్ని తన పరిధి నుంచి తీసేసింది. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాల్లో ప్రయోజనాల పంపిణీ ప్రస్తావన ఉంది, కానీ అవి మార్గదర్శకాలు. ఆకుకు ఉన్న హక్కు ఆదివాసీ నెత్తురుకు లేదు. పరీక్ష అయ్యాక చేతికి ఒక జన్యు కార్డు వస్తుంది, ఎవరిని పెళ్ళాడవచ్చో చెప్పడానికి. ఆ కార్డుతో పాటు హైడ్రాక్సీయూరియా మాత్రలు, రక్తమార్పిడి సౌకర్యం, గోప్యత రాకపోతే, ఒక కొత్త ముద్ర మాత్రమే మిగులుతుంది. పుట్టుకతో వచ్చే ముద్ర ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నాకు ఎదురయ్యే అభ్యంతరాలు తెలుసు. మొదటిది: సైన్సుకు కులం లేదు, ప్రతిదాంట్లో కులాన్ని తేవద్దు. ప్రవాహ సమీకరణానికి కులం లేదు, నిజమే. సమీకరణం రాసే కుర్చీకీ, అచ్చు చెక్కే బల్లకూ మధ్య ఉన్న దూరానికి ఉంది. రెండోది: ముందు వస్తువు రానివ్వండి, షరతులు పెడితే పెట్టుబడిదారుడు పారిపోతాడు. దీనికి కొంత బలం ఉంది. చిన్న కంపెనీలకు ఇప్పటికే మన సర్కారు కష్టమైన కొనుగోలుదారు. అతి తక్కువ ధరకు టెండరు కట్టబెట్టే పద్ధతి నాణ్యతను చంపుతుంది. చిన్న పరిశ్రమల బిల్లులు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం చెబుతున్నా చిన్న యజమానులు ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. అందుకే నేను షరతులతో పాటు హామీ కూడా అడుగుతున్నాను. ఇన్ని లక్షల చిప్పులు, ఇన్ని సంవత్సరాలు, ఈ ధరకు కొంటామని సర్కారు ముందే రాసివ్వాలి. నికరమైన గిరాకీ ఉన్నచోట షరతులకు పెట్టుబడి బెదరదు.

మరి ఏం చేయాలి? పెద్ద మిషన్ల కోసం ఎదురు చూడకుండా ఇప్పుడున్న వాటితోనే మొదలుపెట్టవచ్చు. సెమీకండక్టర్ ఫ్యాబులకు వేల కోట్లు కావాలి. మన చిప్ కాలువ కొలత పదుల మైక్రాన్లు. మంచి టూల్‌రూమ్‌కు అది అందని కొలత కాదు. 1968 నుంచి హైదరాబాద్ బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది. హైదరాబాద్‌లో, విజయవాడలో ప్లాస్టిక్ ఇంజనీరింగ్ నేర్పే సీపెట్ ఉంది. విశాఖలో 2016 నుంచి మెడ్‌టెక్ జోన్ ఉంది. డిప్లొమా, ఐటీఐ బల్లల మీద కూర్చున్న పిల్లల్లో మన పిల్లలే ఎక్కువ. ఎన్ని మైక్రోఫ్లూయిడిక్స్ ప్రాజెక్టుల్లో ఈ సంస్థలకు సమాన భాగస్వామ్యం ఉంది? నిధులిచ్చే సంస్థలు ఒక్క నిబంధన పెడితే చాలు. మార్కెట్ మాట ఎత్తిన ప్రతి ప్రాజెక్టులో టూల్‌రూమ్ మొదటి రోజు నుంచే ఉండాలి. టెక్నీషియన్ పేరు పత్రంలో ఉండాలి. అతని ఆలోచన ఆవిష్కరణలో భాగమైతే పేటెంటులో ఉండాలి, రాయల్టీలో వాటా ఉండాలి.

దళిత, ఆదివాసీ యజమానుల చిన్న పరిశ్రమల నుంచి కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం కొనాలనే విధానం ఇప్పటికే ఉంది. చిప్‌కు కావలసిన ప్లాస్టిక్ భాగాలు, పొట్లాలు, అతికింపు పనులు ఈ కోటాలో చేర్చడానికి అడ్డేముంది? 10 లక్షల నుంచి కోటి దాకా అప్పిచ్చే స్టాండప్ ఇండియా పథకం 2016లో మొదలై 2025 దాకా నడిచింది. ఒక మౌల్డింగ్ యూనిట్ పెట్టడానికి అప్పు మాత్రమే చాలదు, ఆర్డరు కావాలి. ఆ ఆర్డరు సర్కారు చేతిలో ఉంది. కీలకమైన పరిశ్రమలు రాజ్యం చేతుల్లో ఉండాలని బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో రాశారు. అంత దూరం వెళ్ళే ధైర్యం నేటి ప్రభుత్వాలకు లేకపోతే, కనీసం ప్రజాధనంతో పుట్టి ప్రజాధనంతో అమ్ముడయ్యే వస్తువు ధర మీద, దాని లోపలి లెక్కల మీద ప్రజలకు మాట ఉండాలని అడుగుదాం.

ఈ రంగంలో ఉన్న, రాబోతున్న మన విద్యార్థులకు నాది ఒక్క విన్నపం. మీ థీసిస్‌లో ఒక్క అధ్యాయమైనా రబ్బరు వదిలి ప్లాస్టిక్‌లో చేయండి. డ్రాయింగ్ గీసే ముందు టూల్‌రూమ్‌కు వెళ్ళండి, గీశాక కాదు. అక్కడ మీకు మన మేనమామల్లాంటి, అన్నల్లాంటి మనుషులు కనిపిస్తారు. వాళ్ళు చెప్పింది రాసుకోండి, వాళ్ళ పేరుతో సహా. ఏజెన్సీలో రక్త నమూనాలు తీసే ప్రాజెక్టులో చేరితే, ఫలితం ఆ గూడేనికి తిరిగి వెళ్తుందా, మందు వెళ్తుందా అని మీ గైడ్‌ను అడగండి. అడిగితే మార్కులు తగ్గుతాయని భయం ఉంటుంది, నాకూ ఉండేది. ఒక్కరు అడిగితే అది ధిక్కారం, పదిమంది అడిగితే అది పద్ధతి అవుతుంది.

చదువు మనకు దక్కకుండా చేసినవాళ్ళు చేతిపనిని మనకు వదిలేశారు, అది తక్కువదని అనుకున్నారు. ఈ శాస్త్రం ఇప్పుడు ఆ రెండూ తెలిసిన మనిషి కోసం వెతుకుతోంది. సమీకరణం రాయగలిగి, అచ్చు వాలు కూడా చూడగలిగిన మనిషి కోసం. అలాంటి మనుషులు మన ఇళ్ళలోంచే వస్తారు. రావడానికి దారి ఇవ్వకుండా మార్కెట్ గురించి ఎన్ని సదస్సులు పెట్టినా, చిప్పులు ప్రదర్శన బల్లల మీదే మెరుస్తూ ఉంటాయి.